నీడ పడని డబ్బా

జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మా వీధిలోనే ఒకమ్మాయి చెవిదుద్దులు తయారుచేసి ఫోనులో అమ్ముకుంటుంది. మొన్న వాళ్ళ వరండాలో తెల్లగుడ్డ పెట్టె ఒకటి పెట్టుకుని, అందులో దుద్దులు వేలాడదీసి, చుట్టూ లైట్లు వెలిగించి ఫోటోలు తీస్తోంది. నన్ను చూసి పిలిచింది.

"తాతా, దేఖో నా! ఎక్కడా నీడ లేదు!"

దుద్దులకయితే ఫరవాలేదమ్మా అని ఇంటికొచ్చేశాను. మా ఆవిడ టీ గ్లాసు చేతికిస్తూ నా మొహం చూసింది.

"ఎవరిమీదండీ అంత కోపం?"

"డబ్బా మీద."

"ఇంకా సల్లారనేదేటి?" అని లోపలికెళ్ళిపోయింది. చల్లారలేదు. చల్లారకూడదని కూడా నా ఉద్దేశం. అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే కార్ఖానాల్లో చేరుతున్న పిల్లలెవరైనా చదివితే మంచిదే. నీతి కావాలంటే మాత్రం వేరే ఎవరిదైనా చదువుకోండి. నేను ఏడో క్లాసులో నీతిపాఠం పీరియడుకే గోడ దూకినవాణ్ణి. మళ్ళీ ఆ గోడ లోపలికి దూకలేదు.

దూకి ఎక్కడ పడ్డానంటే గోల్‌మురిలో ఒక ఫోటో స్టూడియోలో. పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరపడం నా పని. నెగిటివు మీద సన్న బ్రష్షుతో అద్దితే చాలు, ఎంత మొటిమైనా మాయం. ఆ చేతివాటం చూసి ఒక కార్ఖానాలో ఫోటో సెక్షనుకి హెల్పరుగా తీసుకున్నారు. ఏ కార్ఖానా అని అడక్కండి. జంషెడ్‌పూర్‌లో ఎవరి పొగగొట్టం వాళ్ళదే గానీ పొగ రంగు మాత్రం ఒక్కటే.

ఫోటో సెక్షనంటే ఇద్దరం. పైవాడు ఒక ముసలి బెంగాలీ. కంపెనీ అంతా ఆయన్ని దాదా అనేది. రిబ్బను కత్తిరించే సాహెబులు ఆయన వంతు. విరిగిన బోల్టులు, అరిగిన బేరింగు గుళ్ళు, పన్ను ఊడిన గేర్లు నా వంతు. ఆ ముక్కల ఫోటోలు ఇంజనీర్లకి కావాలి, ఎందుకు విరిగిందో పైవాళ్ళకి చెప్పుకోవడానికి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, ఇనుము మెరుస్తుంది. లైటు వేస్తే ఒక పక్క బల్బే అద్దంలోలాగా కనిపిస్తుంది, ఇంకో పక్క కాటుక నీడ. మధ్యలో బోల్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అప్పుడు చేశాను ఆ డబ్బా. ఒక పాత టీ పెట్టె తెచ్చి, పైనా రెండు పక్కలా చెక్క కోసేసి, డ్రాయింగ్ ఆఫీసువాళ్ళు పారేసిన ట్రేసింగు కాగితం అంటించాను. లోపల తెల్ల చార్టు కాగితం మూల కనపడకుండా వంచి పరిచాను. బయట మూడు పక్కలా బల్బులు. కాగితంలోంచి వడగట్టుకుని వచ్చిన వెలుతురు పాలలాగా అన్ని వైపులనుంచీ ఒక్కటే పరిచినట్టు పడుతుంది. ముందున్న సందులోంచి కెమెరా మూతి పెట్టడమే. మొదటిరోజే బల్బు వేడికి కాగితం అంటుకుంటే దాదా తన చేతిలో టీ పోసి ఆర్పాడు. టీ పోయిందన్న బాధతోనే దానికి పేరు కూడా పెట్టాడు: "ముర్గీ కా దర్బా". కోళ్ళగూడన్నమాట.

కోళ్ళగూడే అయినా దానిలోంచి బంగారు గుడ్లే వచ్చేవి. నా ఫోటోలో తుప్పుబోల్టు కూడా గాల్లో తేలే నగలాగా ఉండేది. ఇంజనీర్లు వచ్చి భుజం తట్టేవారు. ఏడో క్లాసు గోడ దూకినవాడి భుజం ఎవరైనా తడితే ఆ భుజం కాస్త పైకి లేస్తుంది. నాది చెవి దాకా లేచింది.

ఇక బావ సంగతి.

బావంటే మా అక్క మొగుడు కాదు. శ్రీకాకుళం అవతల మా రెండు ఊళ్ళకీ మధ్య ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది. ఇంత దూరం వచ్చాక చుట్టరికానికి ఆ గెడ్డ చాలు. అతని భార్యని అప్పా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడా అనేది. బావ ఫెట్లింగ్ షాపులో పని. పోత పోసిన ఇనుము అచ్చులోంచి వచ్చేటప్పుడు అంచులకి అక్కర్లేని ఇనుము కరుచుకుని ఉంటుంది. దాన్ని ఉలితో కొట్టి, గ్రైండరుతో రాకి చదును చేసే చోటది. గాలంతా ఇసుకా, రవ్వలూ. కళ్ళజోడు లేకుండా నిలబడకూడదని రూలు. రూలు మంచిదే. కానీ ఆ ఇసుకా రవ్వలే అద్దాన్ని కొట్టి కొట్టి, కొన్నాళ్ళకే అద్దం గరుకెక్కి బాత్రూం కిటికీ అద్దంలాగా తయారయ్యేది.

దానికీ స్టోరులో ఒక రూలుంది. పగిలిన జోడు తెస్తేనే కొత్త జోడు. గీతలు పడితే పగిలినట్టు కాదు. అందుకని షాపులో వాళ్ళంతా ఏం చేసేవారంటే, అద్దం గుడ్డిదవగానే కింద పడేసి బూటుతో ఒక్క తొక్కు. "పైర్ కే నీచే ఆ గయా బాబూ" అని, కాలికింద పడిపోయిందంటూ స్టోరు కిటికీ దగ్గర దీనంగా నిలబడేవారు. స్టోరు బాబుకీ తెలుసు. తిట్టి ఇచ్చేసేవాడు. అందరికీ తెలిసిన నాటకం.

ఒక్క బావ తొక్కేవాడు కాదు.

"విశ్వకర్మ పూజనాడు దానికి బొట్టెడతాను. మర్నాడు దాన్నే కాలితో తొక్కమంటావేట్రా?" అనేవాడు. "పనిముట్టది. నాను తొక్కను."

"బావా, నీ జోడు నీకన్నా ముందే గుడ్డిదయిపోనాది. దండేసి పంపించీ," అని నేను ఏడిపించేవాణ్ణి.

"నీ నోట్లో మన్నెయ్య. నాతోటే రిటైరవుద్ది సూడు."

నవ్వుకునేవాళ్ళం. అప్పుడు నవ్వొచ్చింది మరి.

ఎమర్జెన్సీ అయిపోయాక ఒక వానాకాలం మొదట్లో జరిగిందది. ఉలి ఎక్కడ ఆనుతోందో కనపడక బావ కళ్ళజోడు నుదుటిమీదకి ఎత్తాడు. సుత్తి వేశాడు. గోరులో పావువంతు కూడా లేని ఇనుపముక్క ఎగిరి ఎడమకంట్లో పడింది. ఆస్పత్రిలో ముక్క తీశారు. చూపు తేలేకపోయారు.

నేను వెళ్ళేసరికి సగం మొహానికి కట్టుతో మంచంమీద ఉన్నాడు. నన్ను చూసి తనే మొదలెట్టాడు.

"ఎట్టుకుంటే ఉలి కనబడదు. ఎత్తితే రవ్వ కనబడదు. ఏటి సెయ్యాల్రా బామ్మర్దీ?"

జోకులేసే నోరు నాది. ఆ రోజు మంచినీళ్ళ గ్లాసు అతని చేతికిచ్చి వచ్చేశాను.

కంపెనీ విచారణ అంది. అందులో తేల్చాల్సింది ఒకటే. జోడు బాగుండి కూడా పెట్టుకోలేదంటే తప్పు బావది. ఒంటికన్నువాడు ఫెట్లింగుకి పనికిరాడని ఇంటికి పంపేయొచ్చు, క్వార్టరు ఖాళీ చేయించొచ్చు. జోడే పనికిరానిదయితే తప్పు కంపెనీది. తేలికపని ఏదైనా ఇచ్చి ఉంచుకోవాల్సిందే. అంటే బావ సంసారం మొత్తం రెండు గాజుబిళ్ళల మీద నిలబడి ఉంది.

సేఫ్టీ ఆఫీసరు తెలుగాయనే. గోదావరి వైపు. ఇస్త్రీ మాట, ఇస్త్రీ చొక్కా. పెద్ద గొంతుతో ఎవర్నీ ఒక్క మాట అనడం నేను వినలేదు. ఆయన ఒకరోజు ఒక కవరు పట్టుకుని మా సెక్షనుకి స్వయంగా వచ్చాడు. అందులో ఒక కళ్ళజోడు, ఒక చిన్న గాజుసీసా. సీసాలో ఆస్పత్రివాళ్ళు తీసిన ఇనుపముక్క.

"రెండూ పక్కపక్కన పెట్టి నీ డబ్బాలో తీయవోయ్," అన్నాడు. "నీడలూ గట్రా వద్దు. శుభ్రంగా రావాలి. నీ పని నీకు చెప్పక్కర్లేదనుకో."

జోడు పట్టీ మీద ఎర్ర రంగుతో రాసిన టికెట్ నంబరు, అదే కార్మికుడి నంబరు, చూశాను. బావది. నాకు సంతోషమే వేసింది. మనవాడు, మన తెలుగాయన, బావ కేసు శ్రద్ధగా చూస్తున్నాడనుకున్నాను. బావ జోడు కదా అని మెత్తటి గుడ్డతో తుడిచి, ఊది, మళ్ళీ తుడిచి డబ్బాలో పెట్టాను. మూడు బల్బులూ వేశాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. అద్దాలు గంగానీళ్ళలాగా వచ్చాయి. పక్కన ఇనుపముక్క ముక్కుపుడకలాగా మెరిసింది.

దాదా తడి ప్రింటు ఎత్తి చూసి, "దుల్హన్ బనా దియా రే!" అన్నాడు. పెళ్ళికూతుర్ని చేసేశావు పో అని.

స్టూడియోలో చేసిన పనే కదా. మొటిమలు చెరపడం.

కొన్నాళ్ళకి గేటు దగ్గర పోస్టరు వెలిసింది. మంచం అంత పోస్టరు. దాని నిండా నా ఫోటో. కింద పెద్ద హిందీ అక్షరాల్లో: "చష్మా సాఫ్ థా. గల్తీ కిస్‌కీ?" అంటే, కళ్ళజోడు శుభ్రంగానే ఉంది, తప్పెవరిది? పేరు రాయలేదు. ఒక్క షాపులో ఒక్క మనిషికి కన్ను పోయాక పేరెందుకు? షిఫ్టుకి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ సైకిళ్ళు ఆపి మరీ చూశారు. "ఇంత మంచి జోడు ఉంచుకుని ఎవడైనా ఎత్తుతాడా?" అని అక్కడే తీర్పులు చెప్పుకున్నారు. విచారణ ఇంకా మొదలే కాలేదు.

ఆ సాయంత్రం అప్ప మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. మా ఆవిడ పీట వాల్చి, "కూకోప్పా" అంది.

"కూకోడానికి రానేదు. తమ్ముడా, గేటుకాడ పొటో నువ్వే తీసినావటగదా?"

"నానే తీసినానప్పా."

"బాగున్నాది. మా పెళ్ళికి కూడా అంత బాగ ఎవులూ తీయనేదు."

అప్పే మళ్ళీ అంది.

"రోజూ పొద్దుగూకీసరికి ఆ జోడు నానే కడిగి ఆరబెట్టీదాన్ని. అందులోంచి సూత్తే మా ఇంట్లో బలుబు పొగమంచులో రైలింజను లైటులాగుండీది. నీకాడికొచ్చీసరికి అలగెలగ మారిపోనాది? ఏటెట్టి తోమినావు? సున్నిపిండేటి?"

"అప్పా, నాకు తెలీలేదు. ఆయన తీయమన్నాడు..."

"మీ బావకంటే కన్ను పోనాది. నీకు రెండూ ఉన్నాయి గదా, నువ్వేటి సూసినావు?"

అంతే. వెళ్ళిపోయింది. పీట అలాగే ఉంది. మా ఆవిడ దాన్ని తీయడానికి కూడా భయపడింది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళగానే సెక్షను సొరుగు తీశాను. జోడు ఇంకా అక్కడే ఉంది, ఆఫీసరు పట్టుకెళ్ళలేదు. కళ్ళకి పెట్టుకున్నాను. ఎదురుగా ఉన్న దాదా మబ్బులో కూర్చున్న దేవుడిలాగా కనిపించాడు. డబ్బాలో పెట్టాను. మూడు బల్బులు వేశాను. గంగానీళ్ళు. బయటికి తీశాను. గుడ్డిది. అప్పటిగ్గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. గీత కనపడాలంటే దాని గట్టుకి ఒక పక్క వెలుగూ ఇంకో పక్క నీడా ఉండాలి. అన్ని పక్కలనుంచీ వెలుతురు పోస్తే గీత మునిగిపోతుంది. నేను చేసింది గీతల్ని ముంచే డబ్బా.

డబ్బా పక్కకి తోశాను. బల్లమీద నల్లగుడ్డ పరిచి, జోడు పెట్టి, ఒక్క బల్బు, ఒకే ఒక్కటి, కింద నుంచి ఏటవాలుగా పక్కకి పట్టాను. అద్దం నిండా గీతలు భగ్గున వెలిగాయి. సాలెగూటి మీద మంచు పడి ఎండ తగిలినట్టు. గాజు కనపడటం మానేసి గీతలే మిగిలాయి.

దాదా లేచొచ్చి వంగి చూశాడు. తన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. "యే తో అంధా హై," అన్నాడు. ఇది గుడ్డిది. తలుపు వైపు ఓసారి చూసి, "బనావ్ ప్రింట్. మేరా నామ్ మత్ లేనా" అన్నాడు. ప్రింటు వెయ్యి, నా పేరు మాత్రం ఎత్తకు అని. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఆయన్ని నేను ఏమీ అనను.

ప్రింటు ఇంకా పూర్తిగా ఆరకుండానే ఆఫీసరు గదికి పరిగెత్తాను. ఒక చేత్తో జోడు, ఒక చేత్తో ప్రింటు.

"సార్, ఘోరం జరిగిపోయింది. నా డబ్బాలో గీతలు కనపడవు సార్. ఇది చూడండి."

ఆయన ప్రింటు చూశాడు. తాపీగా, మర్యాదగా చూశాడు.

"చాలా బాగా తీశావోయ్."

"మరి పోస్టరు సార్..."

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు సార్?"

"గీతలున్నాయని. నేనేమన్నా చూడకుండా ఇచ్చానా? కాలేజీలో ఈ వెలుతురు సంగతులన్నీ చదువుకున్నాంలే. అందుకే కదా నీ డబ్బాలో తీయమన్నాను."

ఆయనే మళ్ళీ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"చూడు. జోడు పాడయిందంటే ఎందుకు మార్చలేదంటారు. స్టోరుని అడుగుతారు. స్టోరు నన్ను చూపిస్తుంది. షాపులో ఉన్నవన్నీ మార్చాలంటారు. ఎంతమంది జవాబు చెప్పాలి? ఇప్పుడైతే ఒక్కడే చెబుతాడు. అతనికి ఎలాగూ కన్ను పోయింది కదా."

"ఇది నిజం ఫోటో సార్."

"ఇదా? ఒక్క బల్బు పక్కన పెట్టి నువ్వు చేసిన ట్రిక్కు. విచారణలో ఎవరైనా అదే అంటారు. కంపెనీ ఫోటోలన్నీ నీ డబ్బాలోనే తీస్తావు కదా, ఇదొక్కటే ఎందుకు బయట తీశావని అడిగితే ఏం చెబుతావు?"

నా చేతిలోంచి జోడు మెల్లగా తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "విచారణ విశ్వకర్మ పూజ అయ్యాకే," అని, "టీ తాగుతావా?" అని అడిగాడు.

నాకు కోపం ఆయన అబద్ధం చెప్పాడని కాదు. ఆయన ఒక్క అబద్ధమైనా చెప్పలేదు. పోస్టరు మీద ఉన్నది నిజం జోడే, నిజం ఫోటోనే. మోసం చేసేవాడు దొంగచూపులు చూస్తాడని మనం అనుకుంటాం. ఈయన నా కళ్ళలోకి చూసి టీ తాగమన్నాడు. పిల్లలూ, పెద్ద గొంతుతో తిట్టే సాహెబుని చూసి భయపడకండి. టీ ఇచ్చేవాణ్ణి చూసి భయపడండి.

యూనియనుకి వెళ్ళాను. విచారణలో చూద్దామన్నారు. అక్కడా టీ ఇచ్చారు.

ఇక నాకు మిగిలింది ఎగతాళి ఒక్కటే. చిన్నప్పటినుంచీ నాకు వచ్చిన విద్యా అదే.

మా ఊళ్ళో కార్ఖానా మనిషికి విశ్వకర్మ పూజంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మెషీన్లన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టి, క్రేన్లకి కూడా దండలేసి, ఆ ఒక్క రోజు గేట్లు తెరుస్తారు. పెళ్ళాం పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని లోపలికొచ్చి, నాన్న ఎక్కడ నిలబడి పని చేస్తాడో చూసుకుంటారు. ప్రతి షాపులోనూ దేవుడి ముందు పనిముట్లు పేరుస్తారు. పెద్ద సాహెబు ఒక్కో షాపుకీ వచ్చి బొట్టు పెట్టించుకుని ప్రసాదం తీసుకుంటాడు. ఆయన వెనకాల నేను, మెడలో కెమెరాతో. దాదాకి మోకాళ్ళ నొప్పులని ఆ ఏడు నన్ను పంపాడు. నొప్పులు ఎప్పుడూ ఉన్నాయి. ఆ ఏడే గుర్తొచ్చాయి.

ముందురోజు ఫెట్లింగ్ షాపుకి వెళ్ళి అక్కడి పనివాళ్ళకి పెద్ద అయిన సర్దార్జీ మిస్త్రీతో మాట్లాడాను. బావ దెబ్బతిన్నప్పటినుంచీ స్టోరు బాబు బిగుసుకుపోయాడు. జోడు పగలగొట్టుకొచ్చినవాడి టికెట్ నంబరు రాసుకుంటానన్నాడు. దాంతో ఎవరూ తొక్కడం లేదు. షాపు మొత్తం గుడ్డి జోళ్ళతోనే పని చేస్తోంది.

"మిస్త్రీజీ, ఈసారి దేవుడి ముందు సుత్తులు వద్దు. జోళ్ళు పెడదాం," అన్నాను.

ఆయన గడ్డం నిమురుకుని, "సబ్ కే సబ్?" అన్నాడు.

"అన్నీ."

పూజరోజు పెద్ద సాహెబు వచ్చేసరికి ఏనుగు మీద కూర్చున్న దేవుడి ముందు కళ్ళజోళ్ళు వరసలుగా ఉన్నాయి. ఒక్కోదానికీ పట్టీమీద కుంకుమ బొట్టు. పక్క గోడకి నా పోస్టరు. సాహెబు కంటపడాలని సేఫ్టీ ఆఫీసరే దగ్గరుండి కట్టించాడు. జనంలో వెనగ్గా బావ, కంటికి పచ్చగుడ్డ. పక్కన అప్ప. నా వైపు చూడలేదు.

సాహెబు బొట్టు పెట్టించుకున్నాడు. కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు నేను ముందుకొచ్చాను. ఫోటోగ్రాఫరుకి ఒక హక్కు ఉంది, మీరు గమనించే ఉంటారు. కెమెరా కంటికి ఆనించాక ఎవడికైనా సరే ఇటు తిరగమనొచ్చు, గడ్డం ఎత్తమనొచ్చు, నవ్వమనొచ్చు. ఆ కాసేపు కంపెనీకి పెద్ద సాహెబు ఆయన కాదు, నేను.

"సర్, ఏక్ ఫోటో గాగుల్ పెహన్‌కే," అన్నాను. "కళ్ళజోడు పెట్టుకుని ఒక్కటి. వర్కర్లు చూసి నేర్చుకుంటారు సర్."

"గుడ్ ఐడియా!" అని అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది సేఫ్టీ ఆఫీసరే. పాపం, నీడ పడని వెలుతురులో ఉన్నాడు.

మిస్త్రీ దేవుడి పాదాల దగ్గర జోడు ఒకటి తీసి రెండు చేతులతో అందించాడు. సాహెబు పెట్టుకున్నాడు.

"సర్, అలాగే పోస్టరు వైపు తిరిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి, చదువుతున్నట్టు."

సాహెబు తిరిగాడు. ఆగాడు.

"పోస్టర్ కహాఁ హై?"

"సామ్‌నే హై సాబ్," అన్నాడు మిస్త్రీ. ఎదురుగానే ఉందని.

సాహెబు చెయ్యి చాపాడు. పోస్టరు ఇటుంటే చెయ్యి అటు వెళ్ళింది. జోడు పట్టుకున్నప్పుడు అంటిన కుంకుమ వేళ్ళతో పక్కనే నిలబడ్డ సేఫ్టీ ఆఫీసరు బుగ్గ తడిమాడు, ముక్కు తడిమాడు. ఆఫీసరు కదలకుండా నిలబడ్డాడు. నేను మీట నొక్కాను.

ఒక్కరు నవ్వలేదు. సుత్తిచప్పుడు లేని ఫెట్లింగ్ షాపు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆరోజు విన్నాను. అప్పుడు వెనకనుంచి అప్ప నవ్వింది. గట్టిగా, ఆగకుండా. అది వింటే మీకెవరికీ నవ్వు రాదు.

సాహెబు జోడు తీశాడు. పక్క తలుపులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. జోడు దానికి పట్టాడు. అద్దం భగ్గుమంది.

"కిస్‌కా హై యే?"

"సబ్‌కా, సాబ్," అన్నాడు మిస్త్రీ. అందరిదీ. "కల్ సే యహీ పెహన్‌కే కామ్ కరేంగే." రేపట్నుంచి మళ్ళీ ఇవే పెట్టుకుని పనిచేస్తాం.

సాహెబు సేఫ్టీ ఆఫీసరు వైపు ఒకసారి చూశాడు. జోడు ఉన్నచోట పెట్టి, దేవుడికి దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని పక్క షాపుకి వెళ్ళిపోయాడు. ఆఫీసరు బుగ్గమీద కుంకుమతోనే వెనకాల నడిచాడు. చెప్పినవాడు లేడు మరి.

గెలిచామని గంతులెయ్యకండి. ఏం జరిగిందో వినండి.

పోస్టరు మర్నాడు లేదు. కొన్నాళ్ళకి కొత్త జోళ్ళు పెట్టెలతో దిగాయి, గీతలు పడ్డా మార్చి ఇస్తామని నోటీసు పెట్టారు. ఆ కొత్త పద్ధతి తెచ్చినందుకు కంపెనీ వార్షికోత్సవంలో ఒకాయనకి శాలువా కప్పారు. ఎవరికో మీరే చెప్పండి. ఆ ఫోటో కూడా నేనే తీశాను. బావని తీసెయ్యలేదు. స్టోరులో జోళ్ళు పంచే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, క్వార్టరు ఉంచారు. కానీ విచారణలో మాత్రం "కార్మికుడి అజాగ్రత్త" అనే రాశారు. దయతలచి ఉద్యోగం ఇచ్చామన్నారు. దయట! మనిషి కన్ను తీసుకుని, తప్పు అతని నెత్తిన పెట్టి, పైన దయ.

శాలువా కప్పించుకున్నాక ఆఫీసరు మళ్ళీ మా సెక్షనుకి వచ్చాడు. చేతిలో కొత్త జోడు.

"దీన్ని నీ డబ్బాలో పెట్టి తీయవోయ్. శుభ్రంగా రావాలి."

"డబ్బా లేదు సార్."

"ఏమయింది?"

"అందులో కోళ్ళున్నాయి సార్."

ఆయన నవ్వాడు, నా జోకనుకుని. జోకు కాదు. ఆ డబ్బాని సైకిలుకి కట్టుకుని బావ క్వార్టరుకి తీసుకెళ్ళాను. ట్రేసింగు కాగితం చింపేసి, సందులకి తడికె కట్టి పెరట్లో పెట్టాను. అప్ప కొంచెంసేపు చూసింది.

"మూత సరిగ్గా పడతాదేటి? పిల్లులొత్తాయి," అంది. పూజ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. అందులో ఆవిడ కోళ్ళు పెంచింది.

తర్వాత బావకి కొత్త గేటుపాసు కావాల్సొచ్చింది. ఫోటోకి మా సెక్షనుకే వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టాను. అలవాటు చెయ్యి కదా, లైట్లన్నీ వేసి, "బావా, మొకం ఇటు తిప్పు. ఆ కన్ను కనబడకుండా తీసెత్తాను," అన్నాను.

"ఎందుకురా?"

"బాగుంటాదని."

"నానే పోగొట్టుకున్నానని ఆళ్ళు రాసుకున్నారు. బాగుండేలాగే రాసుకున్నారు," అన్నాడు బావ. "నువ్వు తిన్నగా తియ్యి."

మెత్తటి లైట్లు రెండూ ఆర్పేశాను. పక్కనున్న ఒక్క బల్బు ఉంచాను. దాదా బల్లమీదున్న సన్న బ్రష్షు తీసి నాకు అందకుండా దూరంగా పెట్టాడు. బావ తిన్నగా కెమెరాలోకి చూశాడు. ఎడమకంటి గుంటలో నీడ పడింది.

పడనిచ్చాను.